చెవితో చదివేవాళ్లకూ కోర్సు పూర్తవ్వాలి

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతి పాసై ఇంటర్‌లో సైన్స్ చదువుతానంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి నిబంధనలు ఒప్పుకోలేదు. పుట్టుకతో చూపులేని పిల్లవాడు పటాలు, బొమ్మలు ఎలా చదువుతాడన్నది అభ్యంతరం. ఆయన కోర్టుకు వెళ్లి గెలిచారు. ఒక టీచరు పాఠాలన్నీ తన గొంతుతో రికార్డు చేసి ఇస్తే, వాటిని విని చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. అమెరికాలోని ఎంఐటీలో చదివి తిరిగొచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. 2024లో ఆయన జీవితం హిందీలో సినిమాగా వచ్చింది. ఆ కథలో అందరికీ గుర్తుండేది కోర్టు గెలుపే. సైన్స్ గ్రూపులో అడుగుపెట్టడానికి కోర్టు తీర్పు పనికొచ్చింది, కానీ రెండేళ్లు చదువు సాగింది ఆ రికార్డింగుల వల్ల. పాఠాన్ని చెవికి అందే రూపంలోకి మార్చడానికి ఒక టీచరు పూనుకోకపోతే తీర్పు కాగితం మీదే ఉండిపోయేది.

ఇవాళ పాఠం పుస్తకంలోంచి ఫోనులోకి, ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది. 2017లో కేంద్రం ప్రారంభించిన ‘స్వయం’ వేదిక మీద వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, స్వీయ పరీక్షలు, చర్చావేదిక అనే నాలుగు భాగాలతో కోర్సులు నడుస్తున్నాయి. ఒక సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను విద్యార్థులు ‘స్వయం’ నుంచి తీసుకునేలా విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చని యూజీసీ 2021లో నిబంధన తెచ్చింది. అంటే ఆన్‌లైన్ కోర్సు ఇప్పుడు సరదాగా చూసి వదిలేసేది కాదు. దాని మార్కులు డిగ్రీ మెమోలోకి ఎక్కుతాయి. మరోవైపు 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 32వ సెక్షను ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లు దివ్యాంగులకు కేటాయించాలి. చూపులేని ఒక అమ్మాయికి అలా సీటు వచ్చిందనుకుందాం. కోర్సు తెరిచింది, స్క్రీన్ రీడర్ ఆన్ చేసింది. అక్కడ ఆ అమ్మాయికి వినపడేది ఏమిటి? చాలాసార్లు ఇలా ఉంటుంది: ‘బటన్. బటన్. అన్‌లేబుల్డ్ బటన్. గ్రాఫిక్, స్లైడ్ సున్నా నాలుగు డాట్ జేపీజీ. లింక్, ఇక్కడ క్లిక్ చేయండి. లింక్, ఇక్కడ క్లిక్ చేయండి.’

స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివే సాఫ్ట్‌వేర్ అని స్థూలంగా చెబుతాం గానీ, నిజానికి అది తెరను చూడదు. తెర వెనకున్న నిర్మాణాన్ని చదువుతుంది. ఇది శీర్షిక, ఇది పట్టిక, ఇది బటన్ అని పేజీ తయారుచేసినవాళ్లు గుర్తులు పెడితేనే దానికి తెలుస్తుంది. ఒకప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ కొనాలంటే వేలకు వేలు పోయాల్సి వచ్చేది. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు మైకేల్ కరన్, జేమ్స్ టే 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఆ గోడను పడగొట్టింది. అది పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఎలాగూ ఉంది. చదవడానికి కావలసిన పరికరం ఇప్పుడు చూపులేని విద్యార్థి చేతిలోకి వచ్చేసింది. లోపమంతా చదవాల్సిన పాఠంలో ఉంది.

చూపున్నవాళ్లు పేజీ తెరవగానే పెద్ద అక్షరాల్లో ఉన్న శీర్షికలను ఒక్క చూపులో తడిమేసి కావలసిన చోటికి వెళ్తారు. స్క్రీన్ రీడర్‌తో చదివేవాళ్లు ఇదే పనిని ఒక్క కీతో చేస్తారు. ఎన్‌వీడీఏలో హెచ్ నొక్కితే తర్వాతి శీర్షిక, టీ నొక్కితే తర్వాతి పట్టిక. పెద్ద పేజీలో సమాచారం వెతకడానికి ముందు శీర్షికల మీదే ఆధారపడతామని 2024లో వెలువడిన వెబ్‌ఎయిమ్ సంస్థ సర్వేలో పదిలో ఏడుగురు స్క్రీన్ రీడర్ వినియోగదారులు చెప్పారు. లెక్చరరు వర్డ్‌లో నోట్సు తయారుచేసేటప్పుడు శీర్షికను ఎంచుకుని అక్షరాలు లావు చేసి, సైజు పెంచి ఊరుకుంటే కంటికది శీర్షికే. స్క్రీన్ రీడర్‌కు మాత్రం మామూలు వాక్యం. దాన్నే ‘హెడింగ్ 1’ అనే స్టైలుతో పెడితే ఇద్దరికీ శీర్షికే. పట్టే సమయంలో తేడా లేదు. నలభై పేజీల నోట్సులో ఈ చిన్న పని చేయకపోతే చూపులేని విద్యార్థి ఒక నిర్వచనం కోసం మొదటి పేజీ నుంచి విని రావాలి.

ఇక వీడియోలు. మన అధ్యాపకుల్లో గొప్పగా పాఠం చెప్పేవాళ్లకు కొదవ లేదు. కానీ కెమెరా ముందు వాళ్ల నోట తరచుగా వచ్చే మాటలు వింటే అసలు చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ‘ఇక్కడ చూడండి, దీన్ని ఇటు తీసుకొస్తే ఇది పోతుంది, కాబట్టి ఇది వస్తుంది.’ బోర్డు కనిపించేవాళ్లకు ఇది చక్కని బోధన. కనిపించనివాళ్లకు ఇందులో ఒక్క నామవాచకమూ లేదు. ‘కుడివైపున్న ఐదు ఎక్స్‌ను ఎడమవైపుకు తీసుకొస్తే మైనస్ ఐదు ఎక్స్ అవుతుంది’ అని చెబితే సరిపోయేది. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. రాస్తున్నది నోటితో చదవడమే. బస్సులో ఫోను జేబులో పెట్టుకుని ఇయర్‌ఫోన్‌తో పాఠం వినే విద్యార్థికీ ఆ వాక్యమే ఉపయోగపడుతుంది.

బొమ్మల సంగతి ఇంతకంటే లోతైనది. వెబ్ పేజీలోని ప్రతి బొమ్మకూ వెనక ఒక వివరణ రాసే చోటు ఉంటుంది, దాన్ని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. రాసేవాళ్లూ మొక్కుబడిగా రాస్తారు. జీవశాస్త్రం పాఠంలో గుండె పటానికి ‘గుండె బొమ్మ’ అని రాస్తే విద్యార్థికి తెలిసిందేమీ లేదు. ‘గుండె నిలువుకోత. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కుడి జఠరిక నుంచి పుపుస ధమని ఊపిరితిత్తులకు, ఎడమ జఠరిక నుంచి మహాధమని శరీరానికి బయలుదేరుతున్నాయి. ఎడమ జఠరిక గోడ కుడిదానికంటే మందంగా ఉంది’ అని రాస్తే పరీక్షలో జవాబు రాయడానికి పనికొచ్చే పాఠం అవుతుంది. ఈ వివరణను వెబ్‌సైట్ కాంట్రాక్టరు రాయలేడు, ఆ పటంలో ఏది ముఖ్యమో అతనికి తెలియదు. కృత్రిమ మేధ ముసాయిదా ఇవ్వగలదేమో గానీ, ఆ పటం ఏ విషయం నేర్పడానికి అక్కడ పెట్టారన్నది పాఠం చెప్పినవాళ్లకే తెలుసు. ఎకనామిక్స్‌లో డిమాండు, సప్లై రేఖలు ఖండించుకునే పటం వేరే పేజీలో వేరే విషయం నేర్పుతుంది. ఒకచోట సమతౌల్య ధర ముఖ్యం, మరోచోట రేఖ జరగడం ముఖ్యం. అందుకే పటం గీసినవాళ్లే దాన్ని మాటల్లో చెప్పాలి. పటాలు చూడలేడని శ్రీకాంత్‌ను అడ్డుకున్న వ్యవస్థకు అసలు జవాబు ఇక్కడే ఉంది.

గణితం దగ్గర ఇబ్బంది మరీ ఎక్కువ. ‘వన్ బై ఎక్స్ ప్లస్ టూ’ అని పైకి చదివారనుకుందాం. హారంలో ఎక్స్ ఒక్కటే ఉందా, ఎక్స్ ప్లస్ టూ మొత్తం ఉందా? ఎక్స్ విలువ 2 అయితే మొదటి లెక్కన జవాబు రెండున్నర, రెండో లెక్కన పావు. కంటికి గీత పొడవు చెప్పే విషయాన్ని చెవికి మాట చెప్పాలి. ఈ సమస్యకు పరిష్కారం దొరికి మూడు దశాబ్దాలు దాటింది. గ్లకోమాతో పద్నాలుగో ఏట చూపు కోల్పోయి, ఐఐటీ బొంబాయిలో చదివి కోర్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్లిన టీవీ రామన్ 1994లో సమర్పించిన పీహెచ్‌డీ పరిశోధన సరిగ్గా ఇదే. గణిత సమీకరణాలను వాటి నిర్మాణం చెడకుండా గొంతుతో పలికించే వ్యవస్థను ఆయన తయారుచేశారు. ఇప్పుడు సమీకరణాన్ని దాని నిర్మాణంతో సహా రాసే మ్యాథ్‌ఎంఎల్ రూపంలో పెడితే స్క్రీన్ రీడర్లు భిన్నం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెబుతాయి, విద్యార్థి ముక్కముక్కగా విడదీసి వినవచ్చు. అయినా మన కోర్సుల్లో సమీకరణాలు ఎక్కువగా ఫొటోలుగానే అతికి ఉంటున్నాయి. బోర్డు మీద రాసింది ఫోనుతో తీసి పీడీఎఫ్ చేసి పెట్టేస్తే ఆ పేజీ మొత్తం స్క్రీన్ రీడర్‌కు ఖాళీ కాగితం.

తెలుగులో చదివేవాళ్లకు దీని మీద ఇంకో పొర ఉంది. మన అచ్చు ప్రపంచం దశాబ్దాలుగా అను, శ్రీలిపి వంటి యూనికోడ్ కాని ఫాంట్లతో నడిచింది. ఆ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ తెర మీద చక్కని తెలుగులా కనిపిస్తుంది. లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉంటాయి. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది, వినేవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. తెలుగు మీడియం పిల్లల స్టడీ మెటీరియల్, పోటీ పరీక్షల నోట్సు, పాత పాఠ్యపుస్తకాలు ఇలా చిక్కుకుపోయినవి లెక్కలేనన్ని. స్కాను చేసినవాటిని, బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్‌తో చదివించాలంటే వత్తులు, గుణింతాల దగ్గర తప్పులు దొర్లుతాయి. రసాయన శాస్త్రంలో ఒక గుణింతం తప్పితే పదార్థమే మారిపోవచ్చు. యూనికోడ్‌లోకి మార్చి ఉంచడం ఒక్కటే దారి, అది చేయగలిగింది ఆ పుస్తకాల అసలు ఫైళ్లు దగ్గరున్న సంస్థలే.

యూనికోడ్‌లో ఉన్నా పని పూర్తికాదు. పేజీ ఏ భాషలో ఉందో చెప్పే చిన్న గుర్తు వెనక పెట్టకపోతే ఇంగ్లిష్ గొంతు తెలుగు వాక్యం మీద పడుతుంది. ఆ గొంతుల్లో కొన్ని తెలుగు అక్షరాలను అసలు పలకకుండా దాటేస్తాయి. సగం తెలుగు, సగం ఇంగ్లిష్ ఉండే మన నోట్సుకు ఇది నిత్యం ఎదురయ్యే ఇబ్బంది. పైగా ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు యాంత్రికంగా ఉంటుంది. అలవాటు పడినవాళ్లు దానితోనే వేగంగా చదివేస్తారు గానీ, కొత్తగా చూపు పోయినవాళ్లు, పల్లె నుంచి వచ్చిన పదో తరగతి పిల్లలు దాన్ని పట్టుకోవడానికి చాలా కష్టపడతారు. మంచి తెలుగు గొంతును అందరికీ ఉచితంగా అందుబాటులోకి తేవడం రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఉమ్మడిగా తలకెత్తుకోదగిన పని.

పరీక్షల దగ్గర అన్యాయం సూటిగా తగులుతుంది. రాత పరీక్షల్లో దివ్యాంగులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలిచ్చింది. వారం వారం జరిగే ఆన్‌లైన్ క్విజ్‌లో మాత్రం టైమరు అందరికీ ఒకటే పెట్టి వదిలేస్తే ఆ మార్గదర్శకాల స్ఫూర్తి ఎక్కడా మిగలదు. నాలుగు ఐచ్ఛికాలూ విని, ప్రశ్నను మళ్లీ విని, సరైనదాని దగ్గరికి కీబోర్డుతో వెళ్లేసరికి సమయం అయిపోతుంది. పదాలను మౌసుతో లాగి జతపరచమనే ప్రశ్న వస్తే జవాబు తెలిసినా పెట్టే దారి లేదు. సైన్స్ తెలియక పోయిన మార్కు ఒకటి, మౌసు కనిపించక పోయిన మార్కు ఒకటి. మెమోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఉద్యోగం ఇచ్చేవాళ్లకు తేడా ఎవరు చెబుతారు?

చట్టం ఏం చెబుతోందన్న దానిలో అస్పష్టత ఏమీ లేదు. ఆడియో, అచ్చు, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారమంతా అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలని 2016 చట్టం 42వ సెక్షను చెబుతోంది. ఈ అందుబాటు ఎలా ఉండాలో చెప్పే భారత ప్రమాణం కూడా ఐఎస్ 17802 పేరుతో ఉంది. దివ్యాంగ విద్యార్థుల కోసం ఈ-కంటెంట్ ఎలా తయారుచేయాలో కేంద్ర విద్యాశాఖ 2021లో మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇంత ఉన్నా పని జరగకపోవడానికి కారణాన్ని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ‘రాజీవ్ రతూరి’ కేసు తీర్పులో వేలుపెట్టి చూపింది. తప్పనిసరి అని చట్టం చెప్పినదాన్ని దాని కింద చేసిన 15వ నిబంధన వట్టి సిఫారసుగా మార్చేసిందని, అది చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. తప్పక పాటించాల్సిన నియమాలను మూడు నెలల్లో రూపొందించమని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన క్షేత్రస్థాయి నివేదికను తయారుచేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం. ఆ తర్వాత 2025 ఏప్రిల్ 30న బ్యాంకు కేవైసీకి సంబంధించిన మరో కేసులో, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకు ఖాతాకు వర్తించిన సూత్రం చదువుకు వర్తించదని ఎవరూ వాదించలేరు.

ఖర్చు సంగతి అడిగేవాళ్లు అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయానికి జరిగినది తెలుసుకోవాలి. ఆ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి ఉచితంగా పెట్టిన వీడియో పాఠాలకు సరైన క్యాప్షన్లు లేవని బధిరుల సంఘం ఫిర్యాదు చేసింది. విచారించిన న్యాయశాఖ 2016లో రాసిన లేఖలో, పత్రాలు స్క్రీన్ రీడర్లకు పలకడం లేదని, చూపులేనివాళ్లకు దృశ్య సమాచారం అందడం లేదని కూడా ఎత్తిచూపింది. సరిచేయడం భారమని భావించిన బర్కిలీ 2017లో 20 వేలకు పైగా వీడియోలను ప్రజలకు కనిపించకుండా చేసింది. అది తప్పుడు నిర్ణయం. కొందరికి అందని పాఠాన్ని అందరికీ అందకుండా చేయడం న్యాయం అనిపించుకోదు. చివరికి 2022లో న్యాయశాఖతో ఒప్పందానికి వచ్చి, అందుబాటులోకి తెస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది. మొదటి వీడియో నాడే పద్ధతి పెట్టుకుని ఉంటే 20 వేల వీడియోల భారం ఒక్కసారిగా నెత్తిన పడేది కాదు. మన దగ్గర కోర్సులు ఇంకా తయారవుతూనే ఉన్నాయి కనుక ఆ అవకాశం మనకు మిగిలి ఉంది.

సులువు దారి అమ్మేవాళ్లతో కూడా జాగ్రత్తగా ఉండాలి. వెబ్‌సైట్‌లో ఒక్క వరుస కోడ్ చేరిస్తే అన్నీ సరైపోతాయని చెప్పి ఓవర్‌లే (పైపూత) పరికరాలు అమ్ముతున్నారు. ఇలాంటి ప్రకటనలే చేసిన యాక్సెసిబీ సంస్థ పది లక్షల డాలర్లు చెల్లించాలని 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది. వెబ్‌ఎయిమ్ అదే ఏడాది పది లక్షల వెబ్‌సైట్ల హోం పేజీలను పరీక్షిస్తే 94.8 శాతం పేజీల్లో లోపాలు దొరికాయి. పైపూత పరికరాలు ఇన్నేళ్లుగా ఉన్నా పరిస్థితి ఇది.

‘ఇంతచేసీ వాడేవాళ్లు ఎంతమంది’ అనే ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షలకు పైనే. ఒక తరగతిలో అలాంటి విద్యార్థి ఒక్కరే ఉన్నా, ఆ ఒక్కరి ఫీజు, హాజరు, పరీక్ష అన్నీ మిగతావాళ్లవిలాగే ఉంటాయి. పాఠం ఒక్కటే తక్కువగా అందుతుంది. చూపులేని ఒక్క విద్యార్థీ ఆ కోర్సులో చేరలేదంటే అది అక్కర లేదనడానికి రుజువు కాదు, తెరిచి చూసి వెనక్కి వెళ్లినవాళ్లను ఎవరూ లెక్కపెట్టడం లేదు.

కాబట్టి బాధ్యత ఎవరిదన్నది తేల్చుకోవాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, కోర్సు విడుదలయ్యాక చూపులేని విద్యార్థి వచ్చి అడిగితే అప్పుడు హడావుడిగా ఏదో ఒకటి చేసి ఇస్తారు. స్నేహితులు చదివి పెడతారు, తల్లి రాత్రంతా టైపు చేస్తుంది, మంచి లెక్చరరు దొరికితే వేరే ఫైలు పంపుతారు. శ్రీకాంత్‌కు దొరికిన టీచరు వంటివాళ్లు దొరకడం అదృష్టం. చదువును అదృష్టానికి వదిలేయకూడదు. కోర్సును ఆమోదిస్తూ సంతకం పెట్టే అధికారి ఒక్క షరతు పెడితే చాలా మారుతుంది: స్క్రీన్ రీడర్ వాడే ఒక వ్యక్తి మొదటి పాఠం నుంచి చివరి క్విజ్ వరకు మౌసు లేకుండా, మరొకరి సాయం లేకుండా పూర్తిచేసినట్టు తేలాకే కోర్సుకు క్రెడిట్లు, తయారీ సంస్థకు చివరి విడత డబ్బు. ఆ పరీక్ష చేసినవాళ్లకు తగిన పారితోషికం ఇవ్వాలి. అందులో ఆరితేరిన చూపులేని పట్టభద్రులు మన ఊళ్లలోనే ఉన్నారు, వాళ్లకు ఉద్యోగాలు కావాలి.

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగు గడ్డ మీదే పుట్టింది. కాలేజీకి రాలేనివాళ్ల దగ్గరికి చదువును తీసుకెళ్లాలన్న ఆలోచనను దేశానికి చూపించిన నేల ఇది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల అకడమిక్ కౌన్సిళ్లు వచ్చే విద్యా సంవత్సరానికి ముందే ఈ షరతును తీర్మానం చేయాలి, ఉన్నత విద్యామండళ్లు దాన్ని టెండరు పత్రాల్లో రాయాలి. అధ్యాపకులు అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఎన్‌వీడీఏ దించుకోవడానికి కొద్ది నిమిషాలు చాలు. మీ కోర్సునే తెరిచి, మానిటరు ఆపేసి, మౌసు పక్కన పెట్టి, మీరు పెట్టిన క్విజ్‌కు జవాబులు ఇచ్చి చూడండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకుని, ముందు దాన్ని సరిచేయండి.